శరీరం ఎంత సున్నితమో చూపించే వేరబుల్ ఆర్ట్ ఎలా చెయ్యాలి? పక్కటెముకల బొమ్మ తప్ప ఇంకేం తట్టట్లేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి ఒంటి మీద వేసుకునే ఆర్ట్ పీస్ ఒకటి చెయ్యాలి, మనిషి శరీరం ఎంత తేలిగ్గా దెబ్బతింటుందో అన్నది టాపిక్, పోయినేడాది మీ అమ్మమ్మగారు బాత్రూంలో జారిపడి తుంటి విరిగిన దగ్గర్నుంచి ఇది మీ బుర్రలో తిరుగుతోంది, ఇప్పటికి మీ దగ్గరున్న ఐడియా పక్కటెముకల గూడు 3డి ప్రింట్ చేయించి డ్రెస్ మీద తొడగడం. అది సరిపోతుందా, లేకపోతే ఏం చెయ్యాలి, ఏ మెటీరియల్ వాడాలి, సిటీలో ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తా. పక్కటెముకల గూడు వద్దు. చూసేవాళ్ళకి ఎముక చూపించడం కాదు, వేసుకున్న మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని కదిలేలా చెయ్యాలి. మన భాషలోనే ఆ మాట ఉంది చూడండి, ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం. మీ పీస్ వేసుకోగానే మనిషి నడక మారాలి, కూర్చునే తీరు మారాలి, ఊపిరి కూడా చూసుకుని తీసుకోవాలి. అది జరిగితే మీ పని అయినట్టే, ఎముక బొమ్మ ఉన్నా లేకపోయినా.

నేను హైదరాబాద్ తార్నాకలో చిన్న వర్క్‌షాప్ పెట్టుకుని 17 ఏళ్ళుగా నగలూ, ఒంటి మీద వేసుకునే ఆర్ట్ పీసులూ చేస్తున్నా. మీరు అనుకుంటున్న తప్పే నేను 2011లో చేశాను. ఇత్తడితో పక్కటెముకల గూడు, 12 జతలూ లెక్క తప్పకుండా, బరువు 1 కిలో 900 గ్రాములు వచ్చింది. నాలుగు నెలలు పట్టింది. షోలో వేసుకున్న అమ్మాయిని చూసి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట, యుద్ధానికి వెళ్తున్నట్టుంది అని. ఆ రాత్రి అమ్మాయి భుజాల మీద ఎర్రగా రెండు గాట్లు, మర్నాటికి కూడా పోలేదు. అప్పుడు అర్థమైంది, ఎముక ఒంటి లోపల ఉన్నప్పుడే అది సున్నితం, బయటికి తెచ్చి తొడిగితే అది కవచం అయిపోతుంది, పీత డొప్పలాగా. నేను చెప్పాలనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం చూపించి, పైగా ఒక మనిషిని నొప్పించాను.

ఇంకో కారణం, ఆ ఆకారంతో ఇప్పటికే చాలా గొప్ప పనులు ఉన్నాయి. 1938లో ఫ్యాషన్ డిజైనర్ ఎల్సా షాపరెల్లీ, చిత్రకారుడు సాల్వడార్ డాలీ కలిసి చేసిన స్కెలిటన్ డ్రెస్ ఉంది, నల్లటి పట్టుగుడ్డకి లోపల దూది కూరి కుట్టి ఎముకలు ఉబ్బినట్టు చేశారు. ఫ్యాషన్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ 1998 స్ప్రింగ్-సమ్మర్ కలెక్షన్ కోసం నగలు చేసే షాన్ లీన్ అల్యూమినియంతో వెన్నెముక కార్సెట్, అంటే ఒంటికి బిగించి తొడిగే పట్టా లాంటిది, చేశాడు. 2011లో డిజైనర్ ఐరిస్ వాన్ హెర్పెన్ 3డి ప్రింట్ చేసిన స్కెలిటన్ డ్రెస్ వచ్చింది. ఈ మూడింటి ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అందులో ఎముక గుడ్డ కిందనే ఉంది, బయటికి రాలేదు, చిక్కిపోయిన మనిషి చొక్కా కింద ఎముకలు తెలిసినట్టు తెలుస్తుంది. మీరు ప్రింట్ చేయించి తెస్తే జ్యూరీకి ఈ మూడే గుర్తొస్తాయి, మీ అమ్మమ్మగారు గుర్తురారు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? నన్నడిగితే మనింట్లోంచే. శరీరం పెళుసు అన్న భయంతో ఒంటి మీద ఏదో ఒకటి కట్టుకోవడం మనకి కొత్త కాదు కదా, పసిపిల్లలకి మొలతాడు, చేతికి నల్లపూసలు, మెడలో తాయెత్తు. పాతబస్తీలో ఎవరైనా దూర ప్రయాణం వెళ్తుంటే గుడ్డలో నాణెం పెట్టి జబ్బకి కట్టే ఇమామ్ జామిన్ కూడా అంతే. ఇవన్నీ వేరబుల్ ఆర్టే నా లెక్కలో. వీటిలో ఒక్కటి కూడా గాయాన్ని బొమ్మ గీసి చూపించదు, కానీ ఆ తాడు చూడగానే ఆ బిడ్డ గురించి ఒక తల్లి ఎంత భయపడిందో తెలిసిపోతుంది.

మాటీలు తీసుకోండి. బరువు బుట్టలు పెట్టుకుంటే చెవి తమ్మె సాగిపోతుందని, చిరుగుతుందని తెలిసే కదా చెవి పైనుంచి జుట్టులోకి గొలుసు వేసి ఆ బరువు తలకి పంచారు. పెళ్ళిలో చూసేవాళ్ళకి అది అందం, కంసాలికి మాత్రం అది చెవి ఎంత బలహీనమో తెలిసి వేసిన లెక్క. నేను స్టూడెంట్స్‌కి మొదటి రోజు చూపించేది మాటీలే. మాట విషయంలో కూడా మనం అంతే, దీపం ఆరింది అనం, కొండెక్కింది అంటాం, సూత్రం తెగింది అనరు, పెరిగింది అంటారు. విరిగిపోవడాన్ని నేరుగా అనలేని మనుషులం మనం. మీ పీస్ కూడా అలా పక్కనుంచి చెప్తే మనవాళ్ళకి ఇంకా లోపలికి దిగుతుందని నా నమ్మకం.

ఇంకొకటి, ఎక్స్‌రే. 1895 డిసెంబర్ 22న, ఎక్స్‌రే కనిపెట్టిన రంట్‌జెన్ తీసిన తన భార్య చేతి ఎక్స్‌రే మీరు చూసే ఉంటారు. అందులో మాంసం పొగలా కనపడీ కనపడనట్టు ఉంటుంది, ఎముకలు బూడిదరంగులో, వేలికున్న ఉంగరం ఒక్కటే చిక్కగా నల్లగా. మనిషి కన్నా నగ గట్టిది అని ఒక్క ఫొటోలో తెలిసిపోతుంది. నగలు చేసేదాన్ని కాబట్టి నాకు ఆ ఫొటో చూసినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. మనం పోయాక మన ఉంగరం ఉంటుంది.

ఇప్పుడు నా పనుల్లో కుదిరిన దాని గురించి చెప్తా, ఎందుకు కుదిరిందో కూడా. మా నాన్నకి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలిసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. దాని కోసం ఎడమ చేతిలో ఫిస్టులా చేశారు, అంటే ధమనినీ సిరనీ కలిపి కుడతారు, సూదులు గుచ్చడానికి ఆ సిర లావెక్కుతుంది. దాని మీద వేలు పెడితే లోపల సన్నగా జుమ్మని అదురుతూ ఉంటుంది, చెవి దగ్గర పెడితే హోరు వినిపిస్తుంది. ఆ అదురు ఉన్నంతవరకే ఆ చెయ్యి పనికొస్తుంది. ఆ చేతికి వాచీ వద్దు, బిగుతు చొక్కా చెయ్యి వద్దు, బీపీ పట్టీ వెయ్యకూడదు, దాని మీద తల పెట్టుకుని పడుకోకూడదు. ముప్పై ఏళ్ళు ఎడమ చేతికి పెట్టుకున్న వాచీని ఆయన కుడి చేతికి మార్చుకున్నాడు, రోజూ టైం చూడ్డానికి ముందు ఎడమ చెయ్యే ఎత్తేవాడు.

నగలు చేసే నేను, ఏ నగా వెయ్యకూడని చేతికి ఏం చెయ్యాలి? ఏడాది పాటు ఏం తోచలేదు. చివరికి ఆ పీస్ నాన్నకి కాదు, చూడ్డానికి వచ్చినవాళ్ళ కోసం చేశాను. మెత్తటి మల్లు గుడ్డ పట్టీ, లోపల సెల్‌ఫోన్‌లో ఉండే చిన్న వైబ్రేషన్ మోటార్, నాడి కొట్టుకున్నట్టు పెరుగుతూ తగ్గుతూ సన్నగా అదిరేలా పెట్టాం. వచ్చినవాళ్ళు ఎడమ ముంజేతికి కట్టుకోవాలి, కట్టుకునే ముందు ఆ చేతి వాచీ, గాజులు, దారాలు అన్నీ తీసి పళ్ళెంలో పెట్టాలి. అంతే. పట్టీ బరువు 22 గ్రాములు. దాన్ని కట్టుకున్నవాళ్ళు ఆ హాల్లో నడిచేటప్పుడు ఎవరూ చెప్పకుండానే ఆ చేతిని పొట్టకి ఆనించి పట్టుకున్నారు, జనం తగలకుండా. సరిగ్గా మా నాన్న బస్‌స్టాప్‌లో ఎలా పట్టుకునేవాడో అలా. ఒకావిడ అరగంట దాకా విప్పలేదు. నాలుగు నెలల ఇత్తడి పని చెయ్యలేనిది ఆ గుడ్డ ముక్క చేసింది.

అందుకే మీకు నేనిచ్చే మొదటి పని స్కెచ్ కాదు. ఒక వారం అమ్మమ్మగారి దగ్గర కూర్చుని చూడండి. మంచం మీంచి లేచేటప్పుడు ముందు ఏ చెయ్యి ఆనిస్తారు, గోడ ఎక్కడెక్కడ పట్టుకుంటారు, పండగకి ఇంట్లో జనం ఎక్కువైతే ఎక్కడ కూర్చుంటారు, చీర కుచ్చిళ్ళు ఎంత పైకి దోపుకుంటారు, తడి నేల కనపడితే ఏం చేస్తారు. రాసుకోండి. ఆవిడకి ఇష్టమైతేనే ఫొటో తియ్యండి. విరిగిన ఎముకని సర్జన్ సరిచేశాడు, మీరు చూడాల్సింది ఆ తర్వాత ఆవిడ కదలికలోకి వచ్చిన భయాన్ని.

నేనైతే ఏం చేస్తానో చెప్తాను, మీరు ఇదే చెయ్యాలని లేదు. వడ్డాణంలా నడుముకి కట్టుకుని తుంటి రెండు పక్కలకీ దిగే గుడ్డ పట్టా ఒకటి, దాని మీద కోడిగుడ్డు పెంకు. పెంకుల్ని ఉడకబెట్టి లోపలి పొర తీసేసి, రూపాయి బిళ్ళంత ముక్కలు పలచటి మల్లు గుడ్డకి అంటించి, పైన ఇంకో పొర గుడ్డ కప్పి చుట్టూ కుట్టేస్తే ముక్క బయటికి రాదు. గుడ్డు పెంకు మందం మిల్లీమీటర్‌లో మూడో వంతు ఉంటుంది అంతే. నిలబడితే ఏం కాదు, మెల్లగా కూర్చుంటే ఏం కాదు, ధబ్బున కూర్చుంటే మాత్రం తుంటి దగ్గర కటుక్కుమంటుంది. ఆ చప్పుడు వేసుకున్నవాళ్ళకి చెవితో కాదు, ఒంటితో వినిపిస్తుంది. ఒక్కసారి విన్నాక ఆ రోజంతా అమ్మమ్మలాగే కూర్చుంటారు. షో మూడు రోజులైతే మూడో రోజుకి ఆ పట్టా అంతా పగుళ్ళు, వాటిని దాచకండి.

ఎముక గురించి కొంచెం తెలిస్తే మెటీరియల్ ఎంచుకోవడం తేలికవుతుంది. ఎముకలో రెండున్నాయి, గట్టిదనం ఇచ్చే కాల్షియం ఖనిజం ఒకటి, సాగే గుణం ఇచ్చే కొల్లాజెన్ ఇంకోటి. చికెన్ ఎముకని కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెడితే ఖనిజం కరిగిపోయి రబ్బరులా వంగుతుంది, అదే నిప్పుల్లో కాల్చి కొల్లాజెన్ పోగొడితే వేలితో నొక్కినా పొడైపోతుంది. చిన్నపిల్లల ఎముక చాలాసార్లు పూర్తిగా విరగదు, పచ్చి కొమ్మ వంచినట్టు ఒక పక్క చీలి ఇంకో పక్క అంటుకునే ఉంటుంది, ముసలితనంలో ఎండు పుల్లలా విరుగుతుంది. అంటే పెళుసుతనం అంటే పలచగా ఉండటమే కాదు, వంగే గుణం పోవడం. ఇది పట్టుకుంటే మీకు చాలా దారులు తెరుచుకుంటాయి, ఉదాహరణకి ఒకే పట్టాలో ఒక వైపు పచ్చి వెదురు బద్దలు, ఇంకో వైపు ఎండినవి. పుత్తూరు కట్టు చూసినవాళ్ళకి వెదురు బద్ద, గుడ్డ చుట్టు అనగానే విరిగిన చెయ్యి గుర్తొస్తుంది, మీరు వివరించక్కర్లేదు.

ఇక మెటీరియల్స్, నా అనుభవంలో వాడినవి.

లక్క: లాడ్ బజార్‌లో గాజులు చేసేవాళ్ళ దగ్గర పక్కన నిలబడి చూసి నేర్చుకోండి, మర్యాదగా అడిగితే చూపిస్తారు. లక్క పురుగు తన మెత్తటి ఒంటిని కాపాడుకోడానికి చుట్టూ కట్టుకునే గూడే లక్క, మీ టాపిక్‌కి ఇంతకన్నా దగ్గరి మెటీరియల్ నాకు తెలీదు. కానీ వేడికి మెత్తబడుతుంది, మే నెలలో ఎండలో పెట్టిన కార్లో వదిలేస్తే మీ పీస్ ముద్ద అయిపోతుంది, నాకు రెండు అలా పోయాయి.

గాజు పెంకులు: అందరికీ మొదట తట్టేది ఇదే, పగిలిన గాజులు. ఆగి ఆలోచించండి. మనదగ్గర ఆడమనిషి ఒంటి మీద పగిలిన గాజు అంటే అది శరీరం గురించి కాదు, భర్త పోవడం గురించి అయిపోతుంది. మీరు చెప్పాలనుకున్నది అదైతే వాడండి, కాకపోతే మీ మాట అందులో మునిగిపోతుంది. వాడితే అంచులన్నీ నీళ్ళలో రాయి మీద అరగదీసి, చర్మానికీ దానికీ మధ్య రెండు పొరల గుడ్డ ఉండాల్సిందే.

వెండి తీగ: కరీంనగర్ ఫిలిగ్రీ పని చూశారా, వెంట్రుకంత తీగని మెలితిప్పి జాలీలా అల్లుతారు. రక్తనాళాలు, ఊపిరితిత్తుల్లో కొమ్మలు, ఇలాంటివాటికి అద్భుతంగా ఉంటుంది, బరువు రాదు. ఖర్చు ఎక్కువ, మీరు అరచేయి అంత చేయించుకుంటే చాలు. డబ్బులు ఆదా అవుతాయని జర్మన్ సిల్వర్ మాత్రం చర్మానికి తగిలేలా వాడకండి, అందులో వెండి అసలుండదు, రాగి, నికెల్, జింక్ ఉంటాయి, నికెల్ పడనివాళ్ళకి దద్దుర్లు, దురద వస్తాయి. మన ఎండలో చెమటతో ఇంకా ఎక్కువ.

పొణికి చెక్క: నిర్మల్ బొమ్మలు చేసేది. చాలా తేలిక, చాకుతో చెక్కొచ్చు, గోరు గట్టిగా గుచ్చితే గుర్తు పడుతుంది. ఆకారం కావాలి, బరువు వద్దు అనుకుంటే ఇదే. 1998 సెప్టెంబర్‌లో జరిగిన మెక్వీన్ షోలో రెండు కాళ్ళూ లేని అథ్లెట్ ఎయిమీ ములిన్స్ చెక్కిన చెక్క కాళ్ళతో నడిచింది, చాలామంది అవి బూట్లనుకున్నారు. చెక్కకి ఆ గుణం ఉంది, ఒంట్లో కలిసిపోతుంది.

అభ్రకం: పొరలు పొరలుగా ఊడొస్తుంది, అద్దంలా పారదర్శకం, చర్మం పొరలా అనిపిస్తుంది. అంచులు కోసుకుంటాయి, పొడి పీల్చకూడదు, మాస్క్ పెట్టుకోండి.

ఇంకో మాట, మెటీరియల్ పెళుసుగా ఉంటేనే పని సున్నితంగా కనపడుతుందని కాదు. ఒక ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళి ముసుగు రెబెక్కా ముందు పది నిమిషాలు నిలబడండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాయి బొమ్మ అది, 1876 నాటిది, రాయి అని తెలిసి కూడా ఆ మేలిముసుగు ఊదితే కదులుతుందేమో అనిపిస్తుంది. చిన్నప్పుడు స్కూల్ నుంచి తీసుకెళ్ళి ఉంటారు, ఇప్పుడు చేసేవాళ్ళ కళ్ళతో చూడండి.

జాగ్రత్తలు, ఇవి దయచేసి దాటవేయొద్దు. పీస్ పెళుసుగా ఉండాలి, వేసుకునే మనిషికి మాత్రం చిన్న గీత కూడా పడకూడదు. మెడ చుట్టూ వచ్చేది ఏదైనా గట్టిగా లాగితే ఊడిపోయే కొక్కెం ఉండాలి, మెడ పక్కల నొక్కకూడదు, అక్కడ నొక్కితే మనిషి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ఒక్క చేత్తో విప్పుకోగలగాలి. చెవికి నేను 10 గ్రాములు దాటను, మెడకి 300. మాగ్నెట్ పెడితే పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు వేసుకోవద్దని బోర్డు పెట్టండి. ఒంటి అచ్చు తియ్యాలంటే చేతిని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్దలో ఎప్పుడూ ముంచకండి, గట్టిపడేటప్పుడు చాలా వేడెక్కి కాలుస్తుంది, గట్టిపడ్డాక చెయ్యి బయటికి రాదు. కోఠీ సర్జికల్ షాపుల్లో ప్లాస్టర్ బ్యాండేజ్ అడగండి, చర్మానికి వాజిలిన్ రాసి పలచగా వెయ్యండి, లేదా డెంటల్ వాళ్ళు పళ్ళ అచ్చు తియ్యడానికి వాడే ఆల్జినేట్ పొడి తెచ్చుకోండి.

రెజిన్, అంటే పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం, దాని గురించి విడిగా చెప్పాలి, స్టూడెంట్స్ అందరూ హాస్టల్ రూంలో కిటికీలు మూసి పోస్తున్నారు కాబట్టి. జర్మన్ ఆర్టిస్ట్ రెబెక్కా హార్న్ 1960లలో చదువుకునే రోజుల్లో మాస్క్ లేకుండా పాలిస్టర్, ఫైబర్‌గ్లాస్‌తో పనిచేసి ఊపిరితిత్తులు దెబ్బతిని చాలాకాలం శానిటోరియంలో ఉండిపోయింది. మంచం మీద ఉండి చెయ్యగలిగేవి మెత్తటి గుడ్డ పనులే కదా, ఒంటికి తొడిగే ఆ శిల్పాలు అక్కడ్నుంచే పుట్టాయి, తల మీద పొడవాటి కొమ్ము, చేతులకి నేల తాకేంత వేళ్ళు. ఆ పనులంటే నాకు ప్రాణం, కానీ ఆ జబ్బు మీకెవ్వరికీ రాకూడదు. మామూలు ఎన్95 దుమ్ముని ఆపుతుంది, రెజిన్ ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్‌రిడ్జ్ ఉన్న మాస్కే వాడాలి, గాలి ఆడే చోటే పొయ్యాలి.

షోకి ముందు మీరే వేసుకుని టెస్ట్ చెయ్యండి. ముందు 20 నిమిషాలు, తర్వాత రెండు గంటలు. మెట్లెక్కండి, నీళ్ళు తాగండి, వంగి చెప్పులు వేసుకోండి, ఆటోలో ఒక రౌండ్ వెళ్ళండి, మన గతుకుల రోడ్డుకి తట్టుకున్న పీస్ ర్యాంప్ మీద తట్టుకుంటుంది. విప్పాక అద్దంలో ఒంటి మీద గుర్తులు చూసుకోండి, ఎక్కడ ఎర్రబడిందో అక్కడ డిజైన్ మార్చాలి. చెమటకి జిగురు వదిలేస్తుంది కాబట్టి జిగురుతో పాటు కుట్టు కూడా ఉండాలి. గుడ్డు పెంకు పట్టా చేస్తే కనీసం మూడు సెట్లు రెడీగా పెట్టుకోండి, మొదటి గంటలోనే ఒకటి పోతుంది.

ఒకటి అడగడం మర్చిపోయేదాన్ని. అమ్మమ్మగారికి చెప్పారా ఇదంతా? మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో 1925 బస్సు ప్రమాదం తర్వాత తను వేసుకోవాల్సొచ్చిన ప్లాస్టర్ కార్సెట్ల మీద తనే బొమ్మలు వేసుకుంది, అది ఆమె ఒళ్ళు, ఆమె ఇష్టం. మీది ఇంకొకరి ఒళ్ళు. మా నాన్న పట్టీ నేను ముందు ఆయన కుడి చేతికే కట్టి చూపించాను, అదురు ఇంకొంచెం తగ్గించు, ఇంత గట్టిగా ఉండదు అన్నాడు, తగ్గించాను. మీ పట్టా కూడా మొదట ఆవిడ చేతిలో పెట్టండి, వేసుకోమని కాదు, వేళ్ళతో నొక్కి చూడమనండి. ఆవిడ వద్దంటే ఆ కథ చెప్పకుండా పీస్ ఒక్కటే పెట్టండి, అయినా నిలబడుతుంది.

టెస్ట్ పీస్ అయ్యాక ఫొటో ఇక్కడే పెట్టండి, కుట్టు ఎక్కడ వెయ్యాలో చూసి చెప్తాను. ఎక్స్‌రే కూడా పెడదామనుకుంటే మాత్రం ఫిల్మ్ మూల మీద ఆవిడ పేరు, వయసు, హాస్పిటల్ నంబర్ ఉంటాయి, అవి కత్తిరించాకే ఫొటో తియ్యండి.